నల్ల కొమ్మల సీసాతో ఉప్పల్ దాకా

హైదరాబాదు వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా చింతపల్లి కొండల్లో అందరిదీ ఒకటే ప్రశ్న. చార్మినార్ చూశావా, బిర్యానీ తిన్నావా? చార్మినార్ చూడలేదు. బిర్యానీ వాసన మాత్రం రెండు పూటలా పీల్చాను. నేను చూసిన హైదరాబాదు ఆ ఊరికి తూర్పు కొస. నాచారంలో ఒక మేడ, ఉప్పల్‌లో ఒక డాక్టరమ్మ గారి భోజనాల బల్ల, ఆ రెంటికీ మధ్య కొన్ని గల్లీలు, అంతే. అయినా ఆ గల్లీలు తిరిగి రాకపోయి ఉంటే ఈపాటికి మా ఆపిల్ తోట కట్టెల మోపై ఉండేది. అందుకని వెళ్లని వాళ్ల కోసం, ముఖ్యంగా చెట్టు మీద ఏదో కనబడగానే గుండె జారిపోయే నాలాంటి వాళ్ల కోసం, ఇది రాస్తున్నాను.

ఎందుకు బయల్దేరానంటే

మా కొండల మీద చలి బాగా ఉంటుంది. ఆ చలిని నమ్ముకుని కొన్నేళ్ల కిందట అయిదు కుటుంబాల వాళ్లం కలిసి ఆపిల్ వేశాం. తక్కువ చలికే కాసే రకం. మొక్కలు హిమాచల్ నర్సరీ నుంచి వచ్చాయి. అయిదిళ్లకీ ఒకటే కట్టుబాటు: రసాయనం మందు ఎవరూ చుక్క కూడా కొట్టకూడదు. ఒకరు కొట్టినా అయిదిళ్ల పంటకీ సేంద్రియం అన్న పేరు పోతుంది. దానితోపాటు ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. నయం కాని తెగులు ఎవరి తోటలో కనిపిస్తే వాళ్లు ఆ చెట్లు కొట్టి కాల్చెయ్యాలి, పక్క తోటకి పాకక ముందే. ఆ రెండోదానికి అందరికంటే గట్టిగా తలూపింది నేనే. తెగులంటూ వస్తే పక్కవాళ్ల తోటకే వస్తుందని మనిషికి ఒక మొండి ధైర్యం ఉంటుంది.

ఈ ఏడు కాయ నిమ్మకాయంత అయ్యేసరికి కొమ్మల కణుపుల్లో దూది అంటించినట్టు తెల్లగా కనబడింది. వేలితో నులిమితే ఎర్రటి మరక. అది దూది పేను. పేరు మాకు తెలుసు, కొమ్మల రసం పీల్చి బుడిపెలు లేపుతుందనీ తెలుసు. వేపనూనె, కుంకుడు రసం కలిపి కుంచెతో రుద్దాం. తగ్గినట్టే తగ్గింది. అంతలో కొత్తదేదో మొదలైంది. దూది రాలిపోయిన చోట ఆవగింజల్లాంటి నల్ల గింజలు కొమ్మకి అతుక్కుని కనిపించాయి. బెరడు కుళ్లి పొక్కుతోందేమో అనుకున్నాం. నల్లవి ఉన్న కొమ్మ కంటబడితే చాలు, కోసి కాల్చాం. కోసిన కొద్దీ మిగతా చోట్ల దూది ఇంకా పెరిగింది.

పక్క తోట కొండమ్మ గారిది. ఆవిడ మంచి మనిషి, మా ఆయనకి పిన్ని వరస, నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడ తోటకీ మా తోటకీ మధ్య ఒక్క గట్టే అడ్డు. అయిదిళ్ల వాళ్లం కూచున్నప్పుడు ఆవిడే అన్నారు, "ఆదివారం దాకా సూద్దాం రత్నం. ఆపైన మాత్రం కట్టుబాటు కట్టుబాటే." నాకు కోపం రాలేదు. ఆవిడ స్థానంలో నేనుంటే ఆదివారం దాకా కూడా ఆగేదాన్ని కాదు.

ఎప్పుడో మా వైపు రైతులకి పురుగుల మీద పాఠం చెప్పడానికి వచ్చిన శారద గారి నంబరు నా దగ్గరుంది. పురుగుల శాస్త్రంలో డాక్టరు, ఉద్యోగం నుంచి రిటైరై ఉప్పల్‌లో ఉంటున్నారు. ఫొటోలు పంపాను. "నల్ల చుక్కలు తప్ప ఏమీ తెలియడం లేదమ్మా. కొమ్మే చూడాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే కుళ్లిపోతుంది. గాజు సీసాలో పెట్టి మూతికి గుడ్డ రెండు మడతలు వేసి కట్టండి. దారిలో విప్పకండి," అన్నారు. ఏప్రిల్ ఎండల్లో పార్సిల్ వేస్తే ఉడికిపోతుంది. మా ఆయన అప్పారావుకి తోట అప్పగించి, ఊరగాయ సీసా కడిగి ఆరబెట్టి, నల్ల గింజలున్న కొమ్మలు నాలుగు అందులో పెట్టుకుని నేనే బయల్దేరాను.

చర్లపల్లి

రైల్లో రాత్రంతా సీసాని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాను. ఘట్‌కేసర్ దాటేసరికి పొలాలు పోయి మేడలు మొదలయ్యాయి. చర్లపల్లిలో దిగి మెట్లెక్కి, మెట్లు దిగి, బయటికి వచ్చేసరికి ఎండ పెనం మీద నిలబెట్టినట్టుంది. మా దగ్గర ఏప్రిల్‌లో కూడా తెల్లారగట్ల దుప్పటి లాక్కుంటాం.

ఆటో అబ్బాయి పేరు యాదగిరి. జనగామ వైపు మనిషి. ముందు నాచారంలో ఫ్యాక్టరీలో పనిచేసేవాడట, షిఫ్టులు పడక ఆటో కొనుక్కున్నాడట. ఇవన్నీ నేను అడక్కుండానే చెప్పాడు. మా వైపు కొత్త మనిషిని చూస్తే ఎవరి తాలూకా అని ముందు ఆరా తీస్తాం. ఇక్కడ ముందు వాళ్ల సంగతే చెప్పేసి, ఆ తరువాత మన సంగతి అడుగుతారు. ఇదే మర్యాదగా అనిపించింది.

"ఆ సీసల ఏముంది అక్కా, తొక్కా?" అన్నాడు అద్దంలోంచి చూస్తూ. ఊరగాయని ఇక్కడ తొక్కు అంటారు.

"పురుగులు," అన్నాను.

ఆటో ఒక్కసారి అటూ ఇటూ ఊగింది. "పురుగులా! టికెట్ కొని పురుగులను రైల్ల తోల్కొచ్చినవా?"

"ఉప్పల్‌లో డాక్టరమ్మకి చూపించాలి."

"పురుగులకు గూడ డాక్టరుంటదా?" కాసేపు ఆలోచించాడు. "ఉంటది లే. హైదరబాద్ల ఏదైన ఉంటది."

మల్లాపూర్ మీదుగా వెళుతుంటే ఒక గల్లీలో వేయించిన మసాలా వాసన, ఇంకో మలుపులో ముక్కు మండే మందుల వాసన. యాదగిరి ఆ వాసనల్ని బట్టి ఏ షెడ్డు వచ్చిందో చెప్పాడు. దిగేటప్పుడు తన నంబరు ఇచ్చి, "రేపు ఉప్పల్ పోవాలంటే ఫోన్ జెయ్. జర జల్దిగ జెయ్, రేపు మ్యాచుంది," అన్నాడు. మ్యాచుకీ నా సీసాకీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు.

నాచారం మేడ

మా పెద్దమ్మ కూతురు రాజ్యం అక్క నాచారంలో మేడ మీది వాటాలో ఉంటుంది. బావగారిది రైల్వే ఉద్యోగం. కింద ఇంటి ఓనరు అండాలమ్మ. ఓనరంటే మా వైపు భయం. అద్దె వసూలు చేసే ముఖం ఒకటి ఊహించుకున్నాను. అండాలమ్మ మాత్రం నేను గేటు తీసిన వెంటనే, "రాజ్యమ్మ సెల్లెవా? మంచిగున్నవా బిడ్డా? ఎండల వడి వచ్చినవ్, కూసో," అని కుర్చీ వేసి చల్లటి నీళ్లిచ్చింది. ఆవిడ అడగనిదల్లా సీసా సంగతే. దాన్ని ఓరగా చూసి ఊరుకుంది.

అక్క వాళ్ల బాల్కనీలో గులాబీలున్నాయి. మట్టి లేని ఊళ్లో ఆ ఆరు కుండీలే ఆమె పొలం. సీసా ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. చివరికి వంటింటి కిటికీలో పెట్టాం. రాత్రి జొన్నరొట్టె, టమాటా పప్పు. రాగిపిండితో కాచే మా చోడి అంబలి గుర్తొచ్చింది గానీ జొన్నరొట్టె ముందు అది నిలబడదని ఒప్పుకోవాలి. పొగిడితే అక్క ఇంకో రెండు వేసింది.

తెల్లారి కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గరికెళ్లాను. సీసా లోపల గాజు మీద నల్లటి నలుసులు. ముందు బొగ్గుపొడి అనుకున్నాను. నలుసులు నడుస్తున్నాయి. ఒకటి టప్పున ఎగిరి గుడ్డకి తగిలింది. గసగసాల గింజకంటే చిన్నవి, ఒక్కోదానికి రెక్కలున్నాయి.

 పేనుకి రెక్కలొచ్చాయనుకున్నాను. సీసాలో వచ్చాయంటే తోటలోనూ వచ్చే ఉంటాయి, గట్టు దాటి కొండమ్మ గారి చెట్ల మీద వాలే ఉంటాయి. ఇంక మేం కొట్టాల్సింది మా చెట్లొక్కటే కాదు. అయిదిళ్ల తోటలూ నా వల్లే పోయాయి అని అక్కడే నేల మీద కూలబడ్డాను.

అక్క నా ముఖం చూసి, సీసా చూసి, ఒక్క కేక పెట్టింది. "రత్నం! అవి బయటికొస్తే నా గులాబీలేం కావాలి?" పరుగున వెళ్లి బొద్దింకల మీద కొట్టే స్ప్రే డబ్బా తెచ్చింది. నాకు ఆపాలని కూడా తోచలేదు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నేనే కొట్టమనేదాన్ని. రసాయనం ముట్టుకోనని కట్టుబాటు కాగితం మీద సంతకం పెట్టిన మనిషిని.

కేక విని అండాలమ్మ పళ్లెంతో సహా పైకొచ్చింది. "ఏంది, పొద్దుగాల్నే గట్ల మొత్తుకుంటున్రు?"

అక్క సీసా చూపించి, డాక్టరమ్మ సంగతి చెప్పింది. అండాలమ్మ వంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసింది. "మస్తుగున్నయ్. మరి డబ్బా ఎందుకు వట్టుకున్నవ్?"

"చంపేద్దామని."

"సంపినంక డాక్టరమ్మ ఏం జూస్తది? సచ్చిన కోడిని ఎవరన్న దవాఖానకు తీస్కవోతరా? అది కిందవెట్టు. నువ్వు లెవ్ బిడ్డా, ముందుగాల ఇది తిను."

పళ్లెంలో సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి కలిపి గిన్నె అడుగుకి చేత్తో అద్ది కాలుస్తారు. మధ్యలో వేలితో చిల్లులు పెట్టి నూనె పోస్తారు. మా దిబ్బరొట్టెకి చుట్టమే గానీ దానికంటే పెళుసు, కారం. ఏడుస్తూ మొదలుపెట్టి రెండోది తినేసరికి ఏడుపు ఆగింది. అండాలమ్మ నా పక్కనే కూచుంది. "నేను గూడ వస్త నీ ఎంబడి. ఉప్పల్ల మా బిడ్డ ఇల్లుంది. ఆ పురుగుల డాక్టర్ను నేనూ జూడాలె," అంది.

మ్యాచ్ రోజు

యాదగిరి మాట అప్పుడు అర్థమైంది. ఉప్పల్ స్టేడియంలో ఆ రోజు క్రికెట్. మధ్యాహ్నానికే రోడ్లన్నీ ఒకే రంగు చొక్కాలతో నిండిపోయాయి. చెంపలకి రంగులు వేసేవాళ్లు, జెండాలు అమ్మేవాళ్లు, ఈలలు. హబ్సిగూడ దారిలో ఆటో ఆగితే ఆగినట్టే ఉండిపోయింది. ఎండ రేకు మీద దిగుతోంది. సీసాకి తడిగుడ్డ చుట్టి నా కొంగు నీడలో పెట్టుకున్నాను. నలుసులు ఇంకా కదులుతున్నాయా అని రెండు నిమిషాలకోసారి చూశాను. పొద్దున చచ్చిపోతే బాగుండుననుకున్నవి ఇప్పుడు చావకూడదని మొక్కుకుంటున్నాను.

"పరేషాన్ గాకు అక్కా. ఎనకకు మలిపి చిల్కానగర్ గల్లీలకెంచి తీస్కవోత," అన్నాడు యాదగిరి. ఒకచోట పెళ్లి టెంటు గల్లీకి అడ్డంగా వేసి ఉంది. టెంటు వాళ్లు మమ్మల్ని తిట్టలేదు. రెండు కుర్చీలు జరిపి, గుడ్డ ఎత్తి పట్టుకుని ఆటోని లోపల్నుంచి పంపించారు. వంటల దగ్గరి నుంచి బగారా అన్నం వాసన తగిలింది. అండాలమ్మ తల బయటికి పెట్టి, "పెండ్లి ఎవరిది?" అని అడిగి, పేర్లు తెలుసుకుని, దీవించి మరీ కదలనిచ్చింది. మా ఊళ్లో పెళ్లి పందిట్లోంచి బండి తోలితే తన్నులాట అయ్యేది.

భోజనాల బల్ల

శారద గారిది గుంటూరు వైపు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయారు. తలుపు తీసి, సీసా చేతిలోకి తీసుకున్నవారు నన్ను కూచోమనడం కూడా మరిచిపోయారు. వెలుతురు వైపు పట్టుకుని చూసి, "ఎప్పుడు బయటికొచ్చాయివి?" అన్నారు.

"పొద్దున్న, మేడమ్. పేనుకి రెక్కలొచ్చాయి. ఇంక తోట మొత్తం..." 

ఆవిడ అప్పటికే పనిలో పడ్డారు. సీసాకి నల్లగుడ్డ చుట్టి, మూతి దగ్గర మాత్రం ఒక చిన్న గాజు గొట్టం బిగించి కిటికీ వైపు పెట్టారు. నలుసులు ఒక్కొక్కటే వెలుతురున్న గొట్టంలోకి వచ్చాయి. అప్పుడు భోజనాల బల్ల మీద ఉప్పు గిన్నె, మంచినీళ్ల జగ్గు పక్కకి జరిపి భూతద్దాల యంత్రం పెట్టారు. ఒక కన్ను ఆనించి చూశారు. చూసి నవ్వారు. ఆ నవ్వెందుకో తెలియక నాకు ఒళ్లు మండింది.

"రండి, చూడండి. ఇది పేనేనా?"

చూశాను. సన్నటి నడుము, పల్చటి రెక్కలు, పచ్చని కాళ్లు. పేను పొట్ట ఉబ్బి సోమరిగా ఉంటుంది. ఇది చిన్న కందిరీగలా ఉంది.

"కందిరీగే. దీని పని ఒకటే, దూది పేను ఒంట్లో గుడ్డు పెట్టడం. పిల్ల లోపలే పెరిగి పేనుని తినేస్తుంది. పేను ఉబ్బి, దూది రాలిపోయి, నల్లగా గట్టిపడిపోతుంది. ఇదిగో, ఈ నల్లగింజ వీపు చూడండి."

ఆవిడ కొమ్మని అద్దం కిందకి జరిపారు. ఆవగింజంత నల్ల గింజ వీపు మీద గుండ్రటి కన్నం. పక్కదానికీ ఉంది. ఆ పక్కదానికీ.

"అంటే అది తెగులు కాదా?"

"చచ్చిన పేను. లోపల ఉన్నది మీ చుట్టం. హిమాచల్ మొక్కలతోనే వచ్చి ఉంటుంది. ఇప్పటిదాకా ఈ నల్లకొమ్మల్ని ఏం చేస్తున్నారు?"

"కోసి కాలుస్తున్నాం."

శారద గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అయ్యో రత్నం గారూ! దొంగని ఇంట్లో ఉంచుకుని కాపలావాళ్లని కాల్చారు."

కోసిన కొద్దీ దూది ఎందుకు పెరిగిందో అప్పుడు తెలిసింది. శుభ్రంగా ఉంచాలన్న పట్టుదలతో రోజూ తోటంతా తిరిగి వెతికి వెతికి మరీ కాల్చాం. మందు కొట్టి ఉంటే ఇవి చచ్చేవి. మేం మందు లేకుండానే ఆ పని చేశాం.

అండాలమ్మ నన్ను జరిపి తాను కన్ను పెట్టింది. "అమ్మో! గీ సుక్కంత దానికి గంత పనా!" అని లేవనే లేదు.

"చెట్లు కొట్టాలా, మేడమ్?" అని అడిగాను. అంత దూరం వెళ్లింది ఆ ఒక్క ముక్క అడగడానికే.

"ఎందుకు కొడతారు? ఈ ఏడు కాయ కొంత తగ్గుతుంది, మచ్చ పడుతుంది. చెట్టు చావదు."

చెట్టు చావదు. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. మంచి ఏడుపు. అండాలమ్మ భూతద్దం వదలకుండానే ఒక చేత్తో నా వీపు రాసింది.

ఆవిడ చెప్పినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. నల్లవి ఉన్న కొమ్మ జోలికి పోకూడదు. వీలైతే అవి ఎక్కువగా ఉన్న కొమ్మలు కోసి, దూది ఎక్కువగా ఉన్న చెట్లకి కట్టాలి. వేపనూనె చెట్టంతా కొట్టకుండా బాగా తెల్లబడిన చోట మాత్రం కుంచెతో రాయాలి. పేను కార్చే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అందుకని మాను చుట్టూ జిగురు పట్టీ కట్టి చీమల్ని ఎక్కనివ్వకూడదు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. వేళ్ల మీద ఉండే పేను దగ్గరికి ఈ కందిరీగ దిగదు. అక్కడ వేపపిండి వెయ్యాలి, అప్పుడప్పుడు పాదు తవ్వి చూసుకోవాలి. "ఇది గెలిచి పక్కన పెట్టేసే పని కాదమ్మా, ఏటేటా చూసుకుంటూ ఉండాల్సిందే," అన్నారు. చూసుకోవడానికి మాకేం, చెట్లుంటే చాలు.

ఫోను

మా ఆయనకి చేస్తే అందలేదు. మా కొండ మీద సిగ్నల్ ఒక బండరాయి మీద ఉంటుంది, మనిషి ఆ రాయి ఎక్కితేనే మాట. మూడోసారికి అందాడు.

"చెట్లు కొట్టక్కర్లేదు! ఒక్కటి కూడా!" అని అరిచాను.

 అటువైపు గాలి చప్పుడులో మెల్లగా అన్నాడు, "ఒకటి కొట్టేసేను రత్నం."

"ఎందుకు?"

"గట్టు మీది చెట్టు, అన్నిటికన్నా పాడైందది. కొండమ్మ పిన్ని పొద్దున్నే వచ్చి ఏడిసింది. అదొక్కటైనా తీసెయ్ బాబూ, మిగతావి నీ పెళ్లాం వచ్చేదాక ఆగుతానంది. ఏటి చెయ్యమంటావు?"

"కాల్చేశావా?"

"పచ్చి కట్టె. దానికి తోడు మధ్యాన్నం వాన పడింది. అంటుకోలేదు. రేపు మళ్లీ చూస్తాను."

"ముట్టుకోకు! నీడకి లాగి పెట్టు. పుల్ల కూడా పారెయ్యకు!"

"కాల్చకపోతే కొండమ్మ పిన్నికేటి చెప్పాల?"

"నేనొచ్చి చెబుతానని చెప్పు. వాన పడిందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు!"

నేను ఫోను పెట్టేసరికి శారద గారు టీ పెట్టి తెచ్చారు. ఫోను వైపే చూస్తూ సగం సాసర్‌లో ఒలకబోసుకున్నాను. పోయిన చెట్టుకి బాధ ఉంది. మిగిలిన చెట్లు కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. బాధకంటే అదే ఎక్కువగా ఉందని చెప్పడానికి సిగ్గేం లేదు.

ఉప్పల్ చౌరస్తా

గొట్టంలోని కందిరీగల్ని మళ్లీ సీసాలోకి వదిలి, సీసాని ఇంకో గుడ్డతో కట్టి, గుడ్డకి లోపలి వైపు రెండు తేనె చుక్కలు రాసి శారద గారు తిరిగి ఇచ్చారు. కందిరీగలకి దారి బత్తెం అన్నమాట. చిన్న భూతద్దం ఒకటి ఇచ్చి, "మీ గుంపులో అందరికీ చూపించండి, చెబితే నమ్మరు," అన్నారు.

కూతురి ఇంటికి వెళ్లే ముందు అండాలమ్మ నాకు చౌరస్తా దగ్గర ఇరానీ చాయ్ తాగించింది. నా బతుకులో అంత తీపి టీ తాగలేదు. పక్కనే ఆపిల్ బండి. కిలో రెండొందల నలభై. అన్నీ ఒకే సైజు, ఒకే ఎరుపు, ఒక్కోదానికి బొట్టు బిళ్లలా స్టిక్కరు. అలవాటు కొద్దీ ఒకటి తీసి గోటితో గీరాను. తెల్లటి మైనం లేచింది.

బండతను ఉలిక్కిపడ్డాడు. "ఏందమ్మా, తినేదాన్ని గీకుతున్నవ్? మాల్ సూడు, ఒక్కదానికి మచ్చలేదు."

"ఆపిల్ తోట మాది. మా కాయలకి మచ్చలుంటాయి," అన్నాను.

"మచ్చలున్నయ్ ఎవరు కొంటరు?"

అండాలమ్మ గ్లాసు కింద పెట్టింది. "నేను కొంట. నాకు మచ్చలయే కావాలె. మచ్చ లేకుంటే పురుగు ముట్టలేదన్నట్టు. పురుగు గూడ ముట్టంది నేనెందుకు తినాలె?"

అతను నవ్వి, గీరిన కాయ మాకే ఇచ్చేశాడు, ఇంకెవరూ కొనరని. కోసుకుని ముగ్గురం తిన్నాం, యాదగిరితో సహా. పిండిలా ఉంది. అయినా ఆ సాయంత్రం ఏం తిన్నా బాగుండేది. స్టేడియం వైపు నుంచి ఒక్కసారిగా హోరు లేచింది. ఎవరు అవుటయ్యారో తెలియదు గానీ యాదగిరి ఎగిరాడు, నేనూ ఎగిరాను.

మా తోట

ఆదివారం అయిదిళ్ల వాళ్లూ వచ్చారు. మా ఆయన నరికిన చెట్టుని కొమ్మలతో సహా చింతచెట్టు నీడకి లాగి, గోనెలు తడిపి కప్పి ఉంచాడు. నేను చెప్పాల్సింది చెప్పాను.  అప్పుడు భూతద్దం ఇచ్చాను. ఒక్కొక్కరే వంగి చూశారు. కన్నాలున్నవి కొన్ని, ఇంకా కన్నం పడనివి చాలా. లోపల పిల్లలు ఇంకా బయటికి రావాల్సే ఉంది. సీసా మూతి విప్పి, తెల్లగా పట్టిన చెట్టు కింద పెట్టాం. కందిరీగలు పైకి ఎగరడం కంటికి ఆనలేదు. కాసేపటికి సీసా ఖాళీగా ఉంది.

కొండమ్మ గారు అందరికంటే చివర చూశారు. చూసి, నరికిన చెట్టు పక్కనే కూలబడ్డారు.

"దీన్ని కొట్టమన్నది నేనే కదే రత్నం."

"అవును పిన్నీ."

 ఆవిడ గోనె పూర్తిగా తీసి, ఒక కొమ్మ చేతిలోకి తీసుకుని నల్లగింజలున్న చోటు వేలితో తడిమారు. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి కత్తి అడిగారు. మేమంతా కూచుని ఆ చెట్టుని జానెడు జానెడు ముక్కలుగా కోశాం, నల్లవి ఉన్న ముక్క ఒక్కటీ పోకుండా. అరటినారతో ముందు మా చెట్లకి కట్టాం. తరువాత కొండమ్మ గారు ఒక బుట్ట నింపుకుని గట్టు దాటారు. తన తోటలోనూ ఆ పేను అక్కడక్కడా ఉందని, భయపడి నెల్లాళ్లుగా ఎవరికీ చెప్పలేదని అప్పుడు చెప్పారు. మిగతా మూడిళ్ల వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తరువాత వాళ్లూ ఒక్కొక్కరే బుట్టలు తెచ్చుకున్నారు.

పొద్దు వాలేసరికి ఆ చెట్టులో నేల మీద మోడు తప్ప ఏమీ మిగల్లేదు. మిగతాదంతా అయిదు తోటల్లోనూ కొమ్మ కొమ్మకీ కట్టి ఉంది.